పన్నెండిళ్ల వాలు

ఆదివారం పొద్దున్నే డ్రైవరు తన జీపు ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. వెనక భాగం జాకీతో లేపి, ఇరుసు కింద ఇనుప స్టాండ్లు నిలబెట్టి, చక్రాలు ఊడదీశాడు. భార్య వాకిట్లో పాత దుప్పటి పరిచింది. లాకింగ్ డిఫరెన్షియల్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. బురదలో ఒక చక్రం ఉత్తినే గిర్రున తిరుగుతూ, రెండోది మొండికేసి నిలబడితే బండి ఎక్కదు. ఇది బిగిస్తే రెండూ కలిసి తిరుగుతాయి.

గేటు దాటగానే రోడ్డు నిలువునా కిందికి దిగుతుంది. ఆ వాలు ఎక్కలేమని ఎవరైనా అంటే చాలు, అది వేలెడు లేస్తుంది. అందుకే పైనున్న పన్నెండిళ్లలో ఎవరూ ఆ మాట అనరు. చుట్టాలొస్తే కిందే చెప్పి మరీ తీసుకొస్తారు. పోయిన నెల రోడ్ల ఆఫీసువాళ్లు, వాహనాలు ఎక్కలేని దారి అని స్తంభానికి నోటీసు అంటించారు. తెల్లారేసరికి వాలు జానెడు లేచింది. రేపు కొలతల ఆఫీసరు వస్తాడు. వాలు కొలిచే ఆయన పరికరంలో ముల్లు ఎర్రగీత దాటితే, బండి ఎక్కించి చూపించాలి. లేదంటే పన్నెండిళ్లూ ఖాళీ.

"లారీ మాట్లాడుకో బావా, సామాన్లకి," అన్నాడు బావమరిది. లేతు పని చేస్తాడు.

"ముందు నిన్నే ఎక్కిస్తాం అందులో," అంది అక్క.

నల్లటి ఆయిల్ బేసిన్లోకి దించారు. మూత విప్పి, ఇరుసులోని షాఫ్టులు రెండూ బయటికి లాగారు. లోపల బేరింగుల మీది క్యాపులు రెండూ కవలల్లా ఉన్నాయి. బావమరిది స్పానరు వేయబోతే డ్రైవరు చెయ్యి పట్టుకున్నాడు.

"గుర్తు పెట్టకుండా విప్పుతావేంట్రా? ఇటుది అటు వేస్తే బేరింగు నాలుగు రోజులుండదు."

భార్య గుర్తు కొట్టే పంచ్, సుత్తి అందుకుంది. ఎడమకి ఒక చుక్క, కుడికి రెండు పెట్టాలి.

అప్పుడే ఆఫీసరు వచ్చాడు, ఒకరోజు ముందే, బూట్లు చేత్తో పట్టుకుని, మోకాళ్లదాకా బురదతో. విప్పిన జీపుకేసి చూశాడు.

"ఎందుకమ్మా ఈ ప్రయాస? ఈ వాలు ఎక్కలేరు."

ముగ్గురూ రోడ్డువైపు చూశారు. అది లేవలేదు; విప్పిన జీపునే చూస్తున్నట్టుంది.

"రేపు కదా రావాల్సింది. రేపే రండి," అంది ఆమె పంచ్ ఆనిస్తూ. "మా ఆయన పక్కన మిమ్మల్నే కూర్చోబెట్టి ఎక్కిస్తాం."

ఆయన పరికరం రోడ్డు మీద పెట్టాడు. ముల్లు ఎర్రగీతకి అవతలే ఉంది. ఆమె సుత్తి వేసింది. ముల్లు ఒక గీత వెనక్కొచ్చింది. రెండో దెబ్బకి ఇంకో గీత. మూడో దెబ్బకి రోడ్డు, బరువు దించుకునే ఎద్దులా మోకాళ్లు వంచి కూర్చుంది. ముల్లు ఎర్రగీతకి ఇవతల ఆగింది.

ఆయన అంకె రాసుకున్నాడు. "ఖాళీ చేయక్కర్లేదు. నోటీసు తీయిస్తాను," అని, బూట్లు తొడుక్కుని, జారకుండా దిగి వెళ్లాడు.

బావమరిది చేతులు తుడుచుకున్నాడు. "ఇంకెందుకక్కా, మూత పెట్టేద్దామా?"

"రేపు ఇంకెవడో వచ్చి నోరు జారతాడు," అంది ఆమె. "పెట్టె విప్పు."

డ్రైవరు అప్పటికే ఎడమ క్యాపు బోల్టు వదులు చేస్తున్నాడు.