దుప్పటి కింద మేడమ్

హైటెక్ సిటీలోని ఆ ఆఫీసులో ఉద్యోగులు కునుకు తీయడానికని ఒక గది ఉంది. నవ్వకండి, నిజం. రెండు మంచాలు, నీలం దీపం, మెత్తటి దుప్పట్లు. ఆ దుప్పట్లు మడతపెట్టేది నేను, హౌస్‌కీపింగ్ నీలమ్మను. మాకు మాత్రం కూర్చోవడానికి ఒక స్టూలైనా లేదు. పనివాళ్ళు కూర్చున్నట్టు కెమెరాలో కనబడితే కార్డు గుంజుకుంటారు. కార్డు లేకపోతే గేటు దాటనివ్వరు, మా ఇంట్లో పొయ్యి వెలగదు. నిద్రకి కూడా జీతమిచ్చే చోట కూర్చోవడం తప్పట! న్యాయమట, నా మొహం!

ఆ మధ్యాహ్నం పాదాలు వాచిపోయి చెప్పుల్లో పట్టడం లేదు. ఒక మంచం మీద ఎవరో మేడమ్ నిద్రపోతోంది. రెండో మంచం సర్దుతూ, ఒక్క క్షణమే కదా అనుకుని అంచున కూర్చున్నాను. ఎప్పుడు ఒరిగానో, ఎప్పుడు దుప్పటి లాక్కున్నానో, ఒట్టు, నాకే తెలియదు.

గది మెల్లగా తేలింది. ఈ మేడలు కట్టడానికి కొండాపూర్ దిక్కున పేల్చేసిన బండరాళ్ళన్నీ తిరిగొస్తున్నాయి. చప్పుడు లేకుండా, గొర్రెల మందలా, అద్దాల మేడల మధ్య దారి చేసుకుంటూ వచ్చి, దేని చోట అది కూర్చుంటోంది. ఎండకి వెచ్చబడిన ఒక బండ మీద మా అమ్మ బాలమ్మ ఉంది. ఎప్పుడో చనిపోయిన మనిషి, నన్ను చూసి పక్కకి జరిగింది.

"కూసో బిడ్డా, కాళ్ళు జాపుకో."

జాపుకున్నాను. ఎంత హాయిగా ఉందంటే ఏడుపొచ్చింది.

తలుపు తెరుచుకున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. దుప్పటి నెత్తి దాకా ఉంది. సందులోంచి మా సూపర్‌వైజర్ మధుకర్ బూట్లు కనబడ్డాయి. కదలకుండా పడుకున్నాను.

"సారీ మేడమ్, డిస్టర్బ్ చేసిన. పడుకోండి," అన్నాడు, నాతోనే! ఏసీ తగ్గించాడు. కిటికీ తెర జరిపాడు. నా నిద్ర చెడుతుందేమోనని భయపడే మనిషిని పుట్టాక అప్పుడే చూశాను. ఇంకాసేపు మేడమ్‌గానే ఉండిపోవాలనిపించింది.

ఇంతలో అతని ఫోన్ మోగింది.

"నీలమ్మ ఏడ గూడ దొరుకుతలేదు సార్. గిట్ల చెప్పకుండ వోతే ఎట్ల? ఇగ పేరు తీసేస్త," అని గుసగుసగా చెప్పాడు.

పడుకుని ఉంటే లేనిదాన్ని. లేస్తే దొంగని. దొంగగానైనా సరే ఉందామని, దుప్పటి తీసి లేచాను.

"నువ్వా! ఎంత ధైర్యమే నీకు!" గది అదిరేలా అరిచాడు.

"జర మెల్లగ సార్. ఇప్పటిదాంక పండుకున్నది గూడ నేనే గదా. నా కాళ్ళు జూడు, ఎట్ల వాచినయో. మేడమ్ అనుకున్నప్పుడు ఉన్న దయ ఇప్పుడు ఏడ వోయింది?"

పక్క మంచం మీద అసలు మేడమ్ కదిలింది. మధుకర్ గొంతు వెంటనే మెత్తబడింది.

"సారీ మేడమ్. ఏం లేదు, పడుకోండి."

అలా అంటూనే నా వైపు చేయి చాచాడు. నేను మెడలోంచి కార్డు తీసి, చప్పుడు కాకుండా ఆ చేతిలో పెట్టాను.