ఆడవాళ్ల పక్క కిటికీ

పంతొమ్మిది వందల ఎనభై ఆరు, మార్చి నెల. నేను మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. మా ఆయన సంజీవరావు గారు అరుగు మీద పేపరు చదువుతూ తల ఎత్తకుండానే అన్నారు. "విమానంలో కిటికీ పక్కన నేను కూర్చుంటా. నీకు కళ్లు తిరుగుతాయి. మందుల సంచీ నీ ఒళ్లో పెట్టుకో."

హైదరాబాదులో నర్సుగా చేస్తున్న మా అమ్మాయి రెబ్కా, "ఒక్కసారైనా విమానం ఎక్కండమ్మా" అని గన్నవరం నుంచి మా ఇద్దరికీ టికెట్లు కొని పంపింది. అవి వచ్చినప్పటినుంచి నాకు నిద్ర లేదు. పడిపోతామన్న భయం కాదు. కిటికీ దొరకదేమోనని.

చెబితే నవ్వుతారు. పెళ్లయిన మర్నాడు పిడుగురాళ్లలో బస్సెక్కాం. కిటికీ పక్క ఆయన, లోపలి పక్క నేను, ఒళ్లో చీరల పెట్టె. అమ్మ సున్నపు బట్టీల్లో పని వదిలి అలాగే పరుగెత్తుకొచ్చింది. బస్సు కదిలింది. "ఎలీసా!" అన్న పిలుపు వినపడింది గాని, నాకు కనిపించింది మా ఆయన మెడ, దాని మీద తువ్వాలు. కాస్త జరగండి అనడానికి నోరు రాలేదు. ఆ వానాకాలంలోనే అమ్మ పోయింది. చివరిసారి చూడాల్సిన మొహం చోట నాకిప్పటికీ ఆ తువ్వాలే కనిపిస్తుంది.

ఆ తర్వాత ఎన్ని బస్సులెక్కామో. పిల్లలు నా ఒళ్లో, కిటికీ ఆయనకి. "ఏ ఊరొచ్చిందండీ?" అంటే, "నీకెందుకే, దిగేటప్పుడు చెప్తాలే" అనేవారు. చేలో కోత నాది, కళ్లంలో ఆరబోత నాది. ఇన్నేళ్లూ వంగి కాయలు ఏరడమే గాని, కళ్లం మొత్తం ఎంత ఎర్రగా ఉంటుందో చూసిందెప్పుడు?

బైబిలు ముందేసుకుని నాకు నేనే చదవడం నేర్చుకున్నదాన్ని. రెబ్కా వదిలేసిన బడి అట్లాసు తీసి, గన్నవరం నుంచి హైదరాబాదు దాకా వేలు జరిపాను. ఎడం చేతి పక్క కృష్ణ, గుంటూరు, ఇంకా అవతల పిడుగురాళ్ల. కుడి పక్క ఇవేవీ లేవు. పొద్దుటి విమానం కాబట్టి ఎండ వెనకనుంచి పడుతుంది. రెక్క అడ్డమొస్తే? ఆయన ఒప్పుకోకపోతే? "ఈసారి ఎడం పక్క కిటికీ నాకు కావాలండీ" అని పొయ్యితో చెప్పి చూసుకున్నాను. పొయ్యితో చెప్పడం తేలికే.

తీరా ఎక్కితే అది చిన్న విమానం. మధ్యన సన్నటి దారి, అటొక కుర్చీ ఇటొక కుర్చీ, ప్రతి కుర్చీకీ ఓ కిటికీ. ఎక్కడైనా కూర్చోవచ్చన్నారు. మా ఆయన చర్చి పెద్ద. అక్కడ మధ్య దారికి ఎడం పక్క ఆడవాళ్లు, కుడి పక్క మగవాళ్లు కూర్చుంటారు. ఆ దారి చూడగానే ఏమనుకున్నారో, "ఆడవాళ్లు ఎడం పక్క" అని నన్ను అటు పంపి, తను కుడి పక్క కూర్చున్నారు. నా ముందు కుర్చీలో కూర్చోబోతున్న మిర్చి వ్యాపారితో కూడా, "అది ఆడవాళ్ల పక్కండీ" అన్నారు.

"ఇదేమన్నా ప్రార్థనా, పెద్దాయనా? విమానం!" అని నవ్వుతూ అతను కూలబడ్డాడు.

మా ఆయన మొహం ఎర్రబడింది. నలుగురిలో అన్నాక మాట మార్చుకునే మనిషి కాదు, అక్కడే ఉండిపోయారు. నేను మందుల సంచీ ఆయన ఒళ్లో పెట్టాను.

"నాకెందుకే?"

"మీ మందులు మీ పక్కే ఉండాలిగా."

నేల వదలగానే నుదురు కిటికీకి ఆనించాను. కళ్లు మూసుకోలేదు. రెక్క పైనుంది, అడ్డమేమీ లేదు. ఇసుక మేటల మధ్య కృష్ణ. ఒడ్డు దాటాక, ఎర్ర చీరలు ఆరేసినట్టు మిరప కళ్లాలు. ఆ చీరల మీద చీమల్లా ఎవరో వంగి ఉన్నారు. కాసేపటికి చాలా దూరాన తెల్లటి పొగ. బట్టీలే అయ్యుండాలి. అమ్మ మొహం కనిపించలేదు, ఎలా కనిపిస్తుంది? కానీ నాకూ ఆ పొగకూ మధ్య ఎవరి మెడా లేదు.

"ఏమేవ్!" ఇంజను చప్పుడులో ఆయన గట్టిగా అరిచారు. "ఇటంతా మబ్బే. అటు ఏ ఊరొచ్చింది?"

నేను తల తిప్పలేదు.

"దిగేటప్పుడు చెప్తాలెండి."