అమ్మ పాటలో నిద్రపోయే బిడ్డ

నిద్రపోయిన బిడ్డ తిరిగి లేవదేమోనన్నది ఆమెకున్న భయాల్లో అన్నిటికంటే పెద్దది. చిన్న భయాలు బోలెడు, వాటికి లెక్క లేదు. ఇది మాత్రం బిడ్డ పుట్టిన ఎనిమిది నెలలుగా వీపు మీద ఎక్కి కూర్చుంది, దిగనంటుంది. నోట్లో ముద్ద నోట్లోనే ఉండగా లేచి వెళ్లి బిడ్డ పొట్ట ఎగసి పడుతోందో లేదో చూసి వస్తుంది. లోకంలో నీ బిడ్డ ఒక్కతేనా నిద్రపోయేది అని అత్తగారు దెప్పేది. చదువు ఎప్పుడో మానేశావు, పరీక్ష ముందు రోజు బెంగ మాత్రం మానలేదు అని భర్త నవ్వేవాడు.

ఆ రోజు ఆ బిడ్డ నిద్రతోనే అందరికీ పని పడింది.

భర్త పాటలకి వీడియోలు తీస్తాడు. పాడినవాళ్లు పాట తెచ్చిస్తే దానికి బొమ్మ కట్టి ఇస్తాడు. ప్రేమ పాటైతే అమ్మాయి జుట్టు గాలికి ఎగరాలి, ముందు పాదాలు, తర్వాత మెడ, చివరికి గానీ ముఖం కనబడకూడదు. విరహమైతే అబ్బాయి వానలో తడవాలి. ఆ గాలీ ఆ వానా ఇన్నాళ్లూ ఆమె చేతుల్లోంచే వచ్చాయి. ఫ్యాను ఎత్తి పట్టుకునేది ఆమె, మేడ మీద నిలబడి పైపుతో వాన కురిపించేదీ ఆమే. పాట చివర టీ కొట్టు పేరు కూడా పడుతుంది గానీ ఆమె పేరు పడదు. ఒకసారి అడిగింది. "ఇంట్లో మనిషికి పేరెందుకు?" అన్నాడు అతను, నిజంగానే ఆశ్చర్యపోయి.

ఈసారి వచ్చింది అమ్మ పాట. అమ్మ పాటకీ ఒక పద్ధతుంది. తెల్లటి పరదాలు, కిటికీలోంచి పొగలాంటి వెలుగు, లేత రంగు బట్టల్లో అమ్మ, పక్కన నిద్రపోతున్న బిడ్డ. అన్నీ నెమ్మదిగా కదలాలి. అమ్మ మటుకు అలిసిపోకూడదు. అలిసినట్టు తెలియాలంటే ఒక్క ముంగురు చెంప మీదికి జారిస్తే చాలు. ఇంట్లో ముందు గదినే అందుకు సిద్ధం చేశారు. పరదాలు ఆమె ఉతికినవి, బిడ్డ ఆమె కన్నది. అమ్మ వేషానికి మాత్రం వేరే అమ్మాయిని పిలిపించారు. నీ కళ్ల కింద నలుపు కెమెరాకి ఆగదు అని భర్త ఓపిగ్గా వివరించాడు. ఆమెకి కోపం రాలేదు. కోపానిక్కూడా కాస్త ఒంట్లో సత్తువుండాలి.

బొమ్మ నెమ్మదిగా కనబడాలంటే, తీసేటప్పుడు పాటని రెండింతల వేగంతో మోగిస్తారు. వేషం కట్టినవాళ్లు ఆ వేగానికే గబగబా పెదవులు కదపాలి. తర్వాత బొమ్మని సగానికి తగ్గిస్తే పాటా పెదవులూ కలుస్తాయి. అలా ఆ జోలపాట చిలకలు పోట్లాడుకున్నట్టు మోగుతుంటే, వేషం కట్టిన అమ్మాయి ఎవరో తరుముకొస్తున్నట్టు జోకొట్టింది. పరదా వెనక ఆమె ఫ్యాను పట్టుకుని నిలబడింది. బిడ్డ రాత్రంతా ఏడ్చిన బడలికతో కదలకుండా పడుకుంది.

రెండోసారి తీస్తుండగా, పక్కనున్న చిన్న తెర మీద మొదట తీసింది ఆడుతూ కనబడింది ఆమెకి. వద్దనుకుంటూనే చూసింది. తెర మీద బిడ్డ పొట్ట ఎగసింది. ఇంక పడలేదు. ఆమె ఎదురు చూసింది. పడలేదు. ఫ్యాను కింద పడేసి, కెమెరాకి అడ్డంగా పరిగెత్తి బిడ్డని లాక్కుంది. బిడ్డ ఉలిక్కిపడి ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

కెమెరామ్యాన్ పడీపడీ నవ్వాడు. "అక్కా, బొమ్మని సగం చేశాం కదా. ఊపిరి కూడా నెమ్మదిగానే కనబడుద్ది." భర్త నవ్వలేదు. తొమ్మిదో తరగతితో ఆపేస్తే బుర్ర ఇలాగే ఉంటుంది అని గోడకి చెప్పినట్టు చెప్పాడు.

ఆ తర్వాత బిడ్డ నిద్రపోతే ఒట్టు. భుజాన వేసుకుని తిప్పినా, పాలిచ్చినా కళ్లు పత్తికాయల్లా విప్పుకుని చూస్తోంది. కిటికీ వెలుగు ఇంకో గంటలో పోతుంది. అత్తగారు వంటింట్లోంచి దగ్గు మందు సీసా తెచ్చింది. దగ్గు లేకపోతేనేం, మత్తుగా పడుకుంటుంది, మేం పెంచలేదా పిల్లల్ని అంది. ఒక్క గంటే కదా అన్నాడు భర్త. వద్దు అంది ఆమె. ఎవరికీ వినబడలేదు, లేక వినబడిందేమో.

ఆమె బిడ్డని ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. వేషం కట్టిన అమ్మాయి నీళ్ల కోసం అక్కడికి వచ్చి, ఆమె భుజం మీద చెయ్యేసింది.

"ఏం కాదక్కా. ఆ మందు నేనూ రోజూ వేసే వస్తాను."

"ఎవరికి?"

"మా పాపకి. ఏడాదిన్నర. షూటింగులకి పిల్లల్ని రానివ్వరుగా. పడుకోబెట్టి, బయట తాళం పెట్టొస్తాను."

"మరి ఎవరు చూస్తారు?"

"నిద్రపోయే పిల్లని చూడ్డానికేముంది?" అని ఆ అమ్మాయి నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. "ముందు ఒక మూతే వేసేదాన్ని. ఇప్పుడు ఒక మూతేస్తే మధ్యలోనే లేచేస్తోందక్కా. ఇవాళ రెండేశాను."

ఆమె నేరుగా ముందు గదిలోకి వెళ్లి అత్తగారి చేతిలోంచి సీసా లాక్కొచ్చి, వంటింటి తూములో పోసేసింది. అక్కడే ఉన్న ఆ అమ్మాయి ముందు చెయ్యి చాపింది.

"తాళంచెవి ఇవ్వు, ఇల్లెక్కడో చెప్పు. నీ పని పోగొట్టుకోకు. నేను చూసొస్తాను."

బిడ్డ లేకుండా అమ్మ పాటేమిటని భర్త గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"దిండుకి దుప్పటి చుట్టండి," అంది ఆమె. "నెమ్మదిగా కదిలేదేగా, ఎవరికీ తెలీదు. ఫ్యాను మీరు పట్టుకోండి."

బిడ్డని చంకనేసుకుని అతని పక్కనుంచి నడిచింది. నాలుగు వీధుల అవతల, నాలుగో అంతస్తు, మెట్ల పక్క గది. ఎదురింటావిడ గుమ్మంలో బట్టలు మడత పెట్టుకుంటూ, ఆ పాప చాలా మంచిదమ్మా, ఉన్నట్టే తెలీదు అంది. తలుపు తీస్తే చాప మీద ఆ పాప ఎలా పడుకోబెట్టారో అలాగే ఉంది. పిలిచింది. మళ్లీ పిలిచింది. ఒళ్లోకి తీసుకుని తడి చేత్తో ముఖం తుడిచి, పేరు తెలియక అమ్మా అమ్మా అని కుదిపింది. ఎంతసేపటికో రెప్పలు కదిలాయి. ఎవరో తెలియని మనిషి ఒళ్లో ఉన్నా ఆ పాప ఏడవలేదు. ఏడవడానికి ఓపిక లేదు. ఆమె ఇద్దర్నీ చెరో చంకన వేసుకుని, మెట్లు దిగి, ఆసుపత్రి దారి పట్టింది.

పాప బతికింది. పాట కూడా బయటికొచ్చింది. ఆ దిండుని చూసి చాలామంది కళ్లు తుడుచుకున్నారని, అమ్మంటే ఇదీ అని వీడియో కింద రాశారని చెప్పుకున్నారు. మీరూ చూసే ఉంటారు, చూడకపోయినా పోయిందేం లేదు. కానీ మీ మెట్ల పక్కన పసిబిడ్డ ఉన్న ఇల్లుండి, బయట తాళం ఉండి, పొద్దుట్నించీ ఏడుపన్నది వినబడకపోతే, బుద్ధిమంతురాలని మెచ్చుకుని ఊరుకోకండి. తల్లిని తిట్టడానిక్కాదు, ఆమె ఎక్కడో ఎవరికోసమో జోలపాటకి పెదవులు కదుపుతూ ఉంటుంది. లేచి వెళ్లి, ఒక్కసారి ఆ తలుపు తట్టి చూడండి.