మంచం కింది కుర్చీ

కుర్చీ మంచం కిందికి పోలేదు. సదయ్య దాన్ని అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు, పక్కకు పడుకోబెట్టి కాలితో నెట్టి చూశాడు. ఎంత మడిచినా చక్రాల లావు చక్రాలకు ఉండనే ఉంది. చివరికి పెరట్లోకి పోయి, గోడ పక్కన పేర్చి ఉన్న ఇటుకలు తెచ్చాడు. మేనల్లుడు శివ మంచం ఒక్కో కాలూ ఎత్తుతుంటే, కాలుకు రెండేసి ఇటుకలు దూర్చాడు. మంచం మీద ఉన్న సంధ్యారాణి ఒకసారి తలవైపు ఒరిగింది, ఒకసారి కాళ్ళవైపు ఒరిగింది, అన్నీ సర్దుకున్నాక ఇంటి కప్పుకు కొంచెం దగ్గరైంది.

“ఏమున్నది చెల్లె, జర ఎత్తుల పండినవ్. గాలి మంచిగ తగుల్తది,” అన్నాడు సదయ్య చేతులు దులుపుకుంటూ.

“మరి నేను దిగుడెట్లన్నా?”

“దిగుడెందుకు? బేస్తారం దాక ఓపిక పట్టు. బోర్డు అయిపోయినంక ఊరంత తిరుగు. ఎవలొద్దన్నరు?”

సంధ్యారాణి కొడుకు వైపు చూసింది. శివ కుర్చీ చక్రాన్ని లోపలికి తోస్తూ తల ఎత్తలేదు.

బోర్డంటే ఏమిటో గోదావరిఖనిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కొత్తగూడెంలో బొగ్గు కంపెనీ డాక్టర్లు కూర్చుని మనిషిని పరీక్షిస్తారు. పనికి పనికిరాదని రాస్తే ఆ నౌకరి ఇంట్లో పిల్లలకు వస్తుంది. సంధ్యారాణికి తన నౌకరి కూడా అట్లా వచ్చిందే. గనిలో పనిచేసే భర్త భూపాల్ గుండె ఆగి పోయినప్పుడు, పల్లెటూరి బడిలో పదో తరగతి దాకా చదివిన ఆమెను బొగ్గుబాయి మీద ల్యాంపు రూములో వేశారు. షిఫ్టుకు దిగేవాళ్ళకు తలకు పెట్టుకునే లైట్లు ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకుని మళ్ళీ చార్జింగుకు పెట్టడం ఆమె పని. ప్రతి లైటుకూ ఒక నంబరు, గోడకు దాని జాగా దానికి ఉండేది. జాగా నిండిందంటే ఆ మనిషి క్షేమంగా పైకి వచ్చినట్టు. అన్నీ నిండాక ఇంటికి పోవడం ఆమెకు ఇష్టంగా ఉండేది. ఆ ఇష్టం గురించి ఎవరితోనూ అనలేదు. ఎవరూ అడగలేదు కూడా.

పోయిన వానకాలంలో ఆటో దిగుతూ మోరీ కాలువ మీది బండ జారి పడింది. నడుముకు రెండు ఆపరేషన్లయ్యాయి. ప్రాణం నిలిచింది గాని కాళ్ళకు బలం రాలేదు. అప్పటినుంచి ఆమెను ఎత్తడం, దించడం, బట్టలు మార్చడం అన్నీ శివే. చౌరస్తాలో ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తూ, మధ్యలో పరుగెత్తుకొచ్చి తల్లిని చూసుకునేవాడు. ఇరవై నాలుగేళ్ళకే నడుం పట్టుకుని లేస్తున్నాడు.

అట్లా ఉండగా ఎండలు ముదిరే వేళకు కుర్చీ వచ్చింది. ల్యాంపు రూములో, క్యాంటీన్లో పనిచేసే ఆడవాళ్ళంతా కలిసి కొన్నారు. అందరికీ ముందుపడింది క్యాంటీన్ మహబూబీ. కరెంటుతో నడిచే కుర్చీ అది. కావాలంటే విప్పి కూర్చోవచ్చు, వద్దంటే మడిచి ఆటోలో పెట్టుకోవచ్చు. కుడిచేతి కింద ఒక చిన్న పుల్ల ఉంటుంది. ఎటు వంచితే అటు పోతుంది, వదిలేస్తే ఆగిపోతుంది.

వదిలేస్తే ఆగుతుందని నమ్మడమే సంధ్యారాణికి కష్టమైంది. భయం పుట్టినకొద్దీ పుల్లను ఇంకా గట్టిగా పట్టుకునేది. కుర్చీ పోయి నీళ్ళ డ్రమ్ముకు గుద్దుకుంది.

“అరె, ఎద్దు ముకుతాడు గుంజినట్టు గుంజుతవేంది?” అంది మహబూబీ. “జర ముట్టు, గంతే. ఇయ్యాల డ్రమ్ముకు గుద్దితివి, రేపు నాకు గుద్దుతవ్.”

“నిన్ను గుద్దితె కుర్చీకే సొట్టపడ్తది మహబూబక్కా.”

ఎదురింటి సారక్క వాకిట్లోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. “పెట్రోలు ఎంత తాగుతదే?”

“పెట్రోలు గాదవ్వా, కరెంటు,” అంది సంధ్యారాణి.

“అయితె కంపెనీ క్వార్టర్ల కరెంటేనాయె. తాగనియ్యి!”

శివ మంచం కాళ్ళు వెల్డింగు షాపులో కోయించి, కుర్చీ ఎత్తుకు సమం చేయించాడు. చెక్కపలక ఒకటి మధ్యలో వేసుకుని సంధ్యారాణి తనంతట తాను మంచం మీంచి కుర్చీలోకి జరిగేది. బాత్రూం దాకా పోయేది, పొయ్యి దాకా పోయేది. శివ మధ్యాహ్నం వచ్చేసరికి చాయ పెట్టి ఉంచేది. మొదటి రోజు ఆ గ్లాసును చేతిలో పట్టుకుని తాగకుండా చాలాసేపు నిలబడ్డాడు వాడు.

కుర్చీ వస్తే అలసట పోతుందని అందరూ అన్నారు. అలసట పోలేదు. దారిలో ప్రతి గుంతనూ ముందే చూసుకోవాలి. బొగ్గు లారీ వస్తే ఆగాలి, బర్రెలొస్తే ఆగాలి. ఎంతకు కొన్నారని అడిగిన ప్రతివాళ్ళకూ నవ్వుతూ జవాబు చెప్పాలి. ఇంటికొచ్చేసరికి భుజాలు పీకేవి, మొహం మీద బొగ్గుదుమ్ము నల్లగా పేరుకునేది. కానీ అది షిఫ్టు దిగిన మనిషి అలసట. మంచం మీద పడి ఉన్న రోజుల్లో ఏ పనీ చేయకుండానే పొద్దుటికల్లా అలిసిపోయేది. ఆ తేడా ఆమెకు తెలుసు.

ఒక పొద్దున షిఫ్టు మారే వేళకు ధైర్యం చేసి బాయి దాకా పోయింది. గేటు దాటి ల్యాంపు రూము ముందుకు పోయాక, ఇన్నేళ్ళూ ఎక్కి దిగినా గుర్తులేని రెండు మెట్లు కనిపించాయి. క్యాంటీన్లోంచి మహబూబీ, లోపలినుంచి ఇంకో ఇద్దరూ ఉరికొచ్చారు.

“ఫికర్ చెయ్యకు, కుర్చీతోనే ఎత్తుతం,” అంది మహబూబీ.

“ఎత్తకుండ్రి. ఎత్తిపిచ్చుకునుడు ఇంట్లనే సాలైంది.”

మెట్ల కిందనే ఉండి, తలుపులోంచి గోడను చూసింది. ఎవరో ఆమె జాగాలో నిలబడి లైట్లు అందిస్తున్నారు. కొంచెంసేపు చూసి వెనక్కి తిరిగింది. వచ్చేటప్పుడు ఎగువ దారి, కుర్చీ మీది బ్యాటరీ దీపాలు ఒక్కొక్కటే ఆరుతూ వచ్చాయి. ఎట్లాగో ఇల్లు చేరింది.

ఆ పోవడమే కొంప ముంచింది. సంధ్యారాణి గేటు దగ్గర తిరుగుతోందన్న మాటను ఎవరో బెల్లంపల్లి దాకా మోశారు. అక్కడ ఉండే అన్న సదయ్య తెల్లారి బస్సుకే దిగాడు. ముప్పై ఏళ్ళు బొగ్గు నింపి రిటైరైన మనిషి. ఎవరి బోర్డు ఎట్లా అయిందో నోటికి చెప్తాడు.

“బజార్ల బండెక్కి తిరిగేటిదాన్ని పనికిరాదని ఎట్ల రాస్తరు? పోరని బతుకు ఆలోచన చెయ్యవా?” అన్నాడు. తరువాతే ఇటుకలు వచ్చాయి. బేస్తవారం కారు తీసుకొస్తానని, శివ తల్లిని చేతుల మీద ఎత్తుకుని డాక్టర్ల ముందుకు పోవాలని చెప్పి, చాయ తాగి వెళ్ళిపోయాడు.

మరునాడు శివ దుకాణానికి పోయాక సంధ్యారాణికి అసలు సంగతి తెలిసొచ్చింది. పలక మీదుగా కిందికి జరుగుదామంటే కుర్చీ లేదు. నేలకు దిగుదామంటే నేల అందదు. ఇదివరకు మంచం పక్కన చేయి వేలాడేస్తే నీళ్ళ చెంబు దొరికేది. ఇప్పుడు వేళ్ళు గాలిలో ఆడాయి. బోర్లా తిరిగి, మంచం పట్టె పట్టుకుని, కిందికి చేయి చాచింది. కుర్చీ చక్రం మునివేళ్ళకు తగిలింది. చల్లగా ఉంది. లాగింది. అది ఇటుకకు అడ్డంపడి కదల్లేదు.

ఎండెక్కింది. బాత్రూంకు పోవాలి. సారక్కను పిలిచింది. ఆ ఇంటి తలుపుకు తాళం ఉన్నట్టుంది, పలుకు లేదు. శివకు ఫోన్ చేసింది.

“పది నిమిషాలమ్మా. ఒక గిరాకి ఉన్నడు, ఫోను విప్పి పెట్టిన. జల్ది వస్త.”

గోడ వైపు తిరిగి పళ్ళు బిగబట్టుకుంది. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు అయింది. అరుగు మీది గిన్నెలు గలగలమన్నాయి, మంచం కింద ఇటుకలు కూడా సన్నగా కదిలినట్టనిపించింది. ఆ తర్వాత ఆపడం ఆమె వల్ల కాలేదు.

శివ వచ్చేసరికి ఆమె కళ్ళు మూసుకుని ఉంది. వాడు చేతిలోని కవరు కింద పెట్టి, బకెట్‌తో నీళ్ళు తెచ్చాడు. తడి బట్టలు తీశాడు, తుడిచాడు, దుప్పటి మార్చాడు. నెలల తరబడి అలవాటైన పనే. కానీ ఆ పని ముగిసిపోయిందనుకుని కొన్ని రోజులే అయింది. అందుకే ఇద్దరికీ చేతులు బరువుగా ఉన్నాయి.

పని అయ్యాక వాడు నేలమీద కూర్చుని, మంచం కాలుకు తల ఆనించాడు.

“కోపమొచ్చిందా అమ్మా?”

“కోపానికి గూడ ఓపిక గావాలె గదరా.”

మళ్ళీ ఆమే అడిగింది. “శివా, నిజం చెప్పు. నీకా నౌకరి గావాలెనా?”

వాడు మంచం కింది ఇటుక అంచును గోటితో గీకాడు. “కావాలె,” అన్నాడు. “ఎంతకాలమని ఫోన్లు విప్పుకుంట కూసోవాలె? వద్దంటె నువ్వు నమ్ముతవా?”

“నమ్మ. నాకు గూడ గావాలె.”

శివ తల తిప్పి చూశాడు. తల్లి మొహంలో సిగ్గు ఉంది. తినాలని ఉన్నది చెప్పిన చిన్నపిల్ల మొహంలా ఉంది.

“గా రెండు మెట్లు ఎట్ల ఎక్కుతవ్?”

“తెల్వది. వాటి మీద ఏటవాలు బండ ఏస్తరేమో, ఎయ్యరేమో. రోజు అంత దూరం పోయి రాంగ నాకే శాతగాదేమో. శాతగాదని వాళ్ళు రాస్తె నీకే వస్తది, సంతోషమే. గాని నేనెట్లున్ననో అట్లనే సూసి రాయాలె. నువ్వు ఎత్తుకపోయినవనుకో, వాళ్ళకు నీ నడుము కనవడ్తది. నేను కనవడ.”

“మామ ఊకుంటడా?”

“ఊకోడు. మీ మామ ఎప్పుడూకున్నడు?”

శివకు నవ్వొచ్చింది గాని నవ్వే ఓపిక వాడికి లేదు. లేచి, తెచ్చిన అన్నం ఇద్దరికీ పెట్టాడు. తిన్నంతసేపూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నేల చూస్తూ తిన్నాడు. చేతులు కడుక్కుని వచ్చి, మంచానికి కాలు తన్నిపెట్టి కుర్చీని బయటికి గుంజాడు. తర్వాత ఒక్కో మూలా ఎత్తుతూ ఇటుకలు తీశాడు. సంధ్యారాణి మళ్ళీ ఒకసారి తలవైపు, ఒకసారి కాళ్ళవైపు ఒరిగి, తన ఎత్తుకు తాను వచ్చింది.

“చార్జింగు పెట్టు,” అంది. “దీపం పచ్చగయ్యేదాక తియ్యకు.”

“ఇది ల్యాంపు రూము గాదమ్మా.”

“ఏదైనా చార్జింగు చార్జింగే.”

బేస్తవారం ఇంకా చీకటి విడవకముందే సదయ్య కారుతో వచ్చాడు. గుమ్మంలో సంధ్యారాణి ఇస్త్రీ చీర కట్టుకుని, కుర్చీలో కూర్చుని ఉంది. ఆయన కారు దిగిన కాలు దిగినట్టే ఆగిపోయాడు.

“ఇదేందే?”

“కుర్చీ అన్నా.”

“కుర్చీ అని నాకెరుకలేదా? కొడుకు నోట్ల మన్ను కొడ్తున్నవ్ గదే! కన్నతల్లివేనా?”

సంధ్యారాణి నోరు తెరిచేలోపే శివ సంచీ భుజానికేసుకుని బయటికి వచ్చాడు. “మన్ను నా నోట్లెనే గద మామా పడేది. రుచి నేను సూస్కుంట. కారెక్కు.”

“నువ్వు గూడనారా!”

“డాక్టర్లు అడిగింది అమ్మ చెప్తది. వాళ్ళకు తోచింది వాళ్ళు రాస్తరు. అటెన్క ఇద్దర్ల ఎవలకొస్తె వాళ్ళు చేస్తం. ఎండ కాకముందె పోవాలె.”

సదయ్య ఎదురింటి అరుగు వైపు చూశాడు, మద్దతు దొరుకుతుందేమోనని. సారక్క పళ్ళపుల్ల నములుతూ, “పొద్దుగాల్నే ఏం లొల్లి సదన్నా, ఎక్కు ఎక్కు,” అంది. ఆయన గొణుక్కుంటూ ముందు సీట్లో, డ్రైవరు పక్కన కూర్చుని తలుపు ధన్‌మని వేసుకున్నాడు.

సంధ్యారాణి కుర్చీని కారు తలుపుకు ఆనించి నిలిపింది. పుల్ల వదిలేసింది. అది ఆగింది. పలక వేసుకుని మెల్లగా సీట్లోకి జరిగింది. ఒక కాలును చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంది, తర్వాత రెండోది. శివ సాయానికి ముందుకొచ్చి, ఆమె మొహం చూసి ఆగాడు. ఆ కొంచెం జరగడానికే ఆమె నుదుటి మీద చెమట పట్టింది.

“ఇగ మడువు,” అంది. “యాదుంచుకో. నేను కూసున్నంకనే మడువాలె. అక్కడ నేను దిగకముందే తెరువాలె.”

“సరే అమ్మా.”

శివ మీట నొక్కి కుర్చీని మడిచి డిక్కీలో పెడుతుంటే, సదయ్య వెనక్కి తిరక్కుండానే అరిచాడు. “కోళ్ళగంప లెక్క ఇసిరెయ్యకు, పుల్ల ఇరుగుతది!”

కారు కదిలింది. గోడ పక్కన మళ్ళీ పేర్చిన ఇటుకలు, నీళ్ళ డ్రమ్ము, సారక్క వెనక్కి పోయాయి. సంధ్యారాణి తల వెనక్కి వాల్చింది. డాక్టర్లు ఏం అడుగుతారో, తాను ఏం చెప్పాలో దారిలో ఆలోచించుకుందామని రాత్రంతా అనుకుంది. ఇప్పుడు కళ్ళు మూతలు పడుతున్నాయి.

కాలనీ మలుపు దగ్గర సదయ్య గొంతు సవరించుకున్నాడు. “చార్జింగు నిండ ఉన్నదా?”

“ఉన్నదన్నా,” అంది సంధ్యారాణి, కళ్ళు తెరవకుండానే.