ఆరని కార్డు

ఈ ఆకుపచ్చలో ఇంకో చుక్క నలుపు పడాలి, ఒక్కటంటే ఒక్కటే, రెండోది పడిందంటే రంగు చచ్చిపోతుంది, ఇదిగో పడింది, చెయ్యి ఎంత నిలకడగా ఉందో చూడు, వారం నుంచీ ఒక్కసారి కూడా వణకలేదు, మాత్రలు మానేసి పదకొండు రోజులు, వాటి వల్ల వచ్చిన వణుకు పోయి వారం, ఇంకేం కావాలి సాక్ష్యం, డాక్టరమ్మకేం, ఆవిడ చెయ్యి వణికితే చీటీ మీద అక్షరం వంకర పోతుంది, నా చెయ్యి వణికితే ఒకరింటి గోడ పోతుంది, గోడ పెచ్చు ఒకటి తెచ్చి నా చేతిలో పెడితే సరిగ్గా అదే రంగు డబ్బాడు కలిపి ఇవ్వడం నా పని, ఈ పెయింట్ల షాపులో కిటికీ పక్క బల్ల నాది, పద్నాలుగేళ్లుగా నాదే, పెయింటర్లు నాకు రంగులమ్మ అని పేరు పెట్టారు, ఓనరు కూడా అలాగే పిలుస్తాడు, ఇవాళ ఆ కిటికీలోంచి వెలుతురు ఎలా పడుతోందో, సీసాలన్నిటి లోపలా దీపాలు పెట్టినట్టుంది, ఎరుపు ఊరికే కూర్చోవడం లేదు, పిలుస్తోంది, మూడు గంటలు పడుకుంటే చాలుతోంది, ఆకలి కూడా వెయ్యడం లేదు, ఇంతకంటే బాగా నేనెప్పుడున్నాను, మూడున్నరకి మా పాప బడి వదులుతారు, ఇవాళ దాన్ని అక్కడికి తీసుకెళ్తాను, కొత్తగా కడుతున్న ఎనిమిదంతస్తుల బిల్డింగుకి బయట రంగులేస్తున్నారు, పైనుంచి తాళ్లతో ఊయలబల్ల వేలాడదీశారు, దాని మీద నిలబడితే ఊళ్లో గోడలన్నీ కనిపిస్తాయట, అంటే నేను కలిపిన రంగులన్నీ ఒకేసారి, పాప తొమ్మిదేళ్లలో అలాంటిది చూసి ఉండదు, ఓసారి ఎక్కుదురుగాని రండి రంగులమ్మా అని అక్కడి పెయింటరు అన్నాడు, నవ్వులాటకే అన్నాడేమో, అంటే మాత్రమేం, నాలుగింటికి వాళ్లు టీకి దిగుతారు, ఊయలబల్ల ఖాళీగా ఉంటుంది, పాప ఇరవయ్యారు కిలోలు, నేను యాభై, ఇద్దరం కలిసినా ఒక పెయింటరూ అతని బకెట్లూ ఉన్నంత బరువుండం, అన్నీ ఆలోచించాను, పైన గాలి ఎక్కువని పాప స్వెట్టరు కూడా బ్యాగులో పెట్టుకున్నాను.

అక్కకి మాత్రం చెప్పలేదు, చెబితే ముఖం అదోలా పెడుతుంది, పొద్దున ఫోన్ చేసి నిద్ర పట్టిందా అంది, పట్టింది, మాత్ర వేసుకున్నావా అంది, వేసుకున్నాను, ఎందుకే అంత గడగడా మాట్లాడుతున్నావ్ అంది, నేను మామూలుగానే మాట్లాడుతున్నాను, నువ్వే నింపాదిగా వింటున్నావ్ అన్నాను, నాకు నవ్వొచ్చింది, అక్కకి రాలేదు, బీరువా తలుపు లోపల కాగితం ఉంది కదా, ఓసారి చదువుకో అంది, చదువుకుంటాలే అన్నాను, ఎలా చదవను, దాని మీద నిన్ననే రంగు వేసేశాను, బీరువా లోపలంతా పసుపు, ఎంత బాగుందో, కాగితం చింపడమెందుకని దాని మీదుగానే బ్రష్ లాగేశాను, అంచులు మాత్రం ఉబ్బెత్తుగా తెలుస్తున్నాయి, అందులో ఉన్నది నా చేతిరాతే, ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో అక్క ఎదురుగా కూర్చుని రాసింది, నాకు నిద్ర అక్కర్లేదని నేను అంటే, నాకెప్పుడూ ఇంత బాగాలేదని నేను అంటే, స్కూటరు తాళం అక్కకి ఇచ్చెయ్యాలి, పాపని అక్క దగ్గర వదలాలి, అప్పుడు నేను ఏం చెప్పినా వినకూడదు, ఎంత పిరికిదాన్ని అప్పుడు, ఆ చేతిరాత చూస్తేనే తెలుస్తుంది, చీమల్లా ఇంతింత అక్షరాలు, నెలల తరబడి మంచం దిగని మనిషి రాత అది, రెండు తెల్లరంగుల మధ్య తేడా కూడా కనిపించేది కాదు, లోకమంతా అంట్లు తోమిన నీళ్లలా ఉండేది, పాపే నా బ్రష్ మీద పేస్టు వేసి తెచ్చి చేతిలో పెట్టేది, అమ్మా నోరు తెరు అనేది, అప్పటికి దానికి ఏడేళ్లు, ఒక చెయ్యి కట్టులో ఉండేది.

ఆ చెయ్యి గురించి ఇప్పుడెందుకు, అది నా తప్పు కాదు, సముద్రం అంచున ఉండే నీలం చూపిద్దామని దాన్ని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని వెళ్లాను, నాలుగు గంటలు ఆపకుండా నడిపాను, అమ్మా నిద్రొస్తోంది అంది, ఇంకొంచెం, ఇంకొంచెం అన్నాను, నా నడుం చుట్టూ ఉన్న చేతులు ఎప్పుడు వదులైపోయాయో నాకు తెలీలేదు, మోచేతిలో ప్లేటు వేశారు, బస్సేదీ వెనక రాలేదు కాబట్టి ప్లేటుతో పోయింది అంది అక్క, బైపోలార్ అన్న మాట మొదటిసారి విన్నది అప్పుడే, డాక్టరమ్మ అక్కకీ నాకూ కలిపి చెప్పింది, కిందికి జారుతున్నప్పుడు మీకే తెలుస్తుందమ్మా, పైకి వెళ్తున్నప్పుడు మాత్రం మీకు తప్ప అందరికీ తెలుస్తుంది అంది, అదెలా కుదురుతుంది, నా ఒళ్లు నాకు తెలీదా, ఇదిగో ఈ ఆకుపచ్చ కార్డు మీద రాశాను, సరిపోయింది, టైము రెండూ నలభై, అయిపోయింది, తర్వాతది.

రంగులమ్మా అని పిలుపు, ముసలి పెయింటరు, చేతిలో నేను రంగు కలిపిచ్చిన బకెట్టు, దాని మీద నా అక్షరాలు, ఏమిటి తాతా అంటే ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టి, పళ్ల డాక్టరు గారి గోడమ్మా, మొన్న మీరు కలిపిచ్చిందే, ఆరాక ముదిరిపోయింది, చొక్కాకి మాసిక వేసినట్టు కనబడుతోంది అన్నాడు, గోడకి చెమ్మ ఉండుంటుంది, మీ రోలరు కడిగారా, పెచ్చు తెచ్చిందే తప్పు చోటి నుంచి తెచ్చారేమో, నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆయన వింటూనే ఉన్నాడు, గొంతు పెరిగినట్టుంది, ముందు కౌంటరు దగ్గరున్న ఓనరు లేచి వచ్చాడు, ముసలాయన నెమ్మదిగా, పద్నాలుగేళ్లలో మీ చేతి రంగు తప్పడం నేను చూడలేదమ్మా, ఒంట్లో బాగానే ఉందా అన్నాడు, బ్రహ్మాండంగా ఉంది, కావాలంటే కార్డు చూపిస్తాను, నేను కార్డు లేకుండా ఏ రంగూ బయటికి పంపను, రండి, చూడండి అన్నాను.

కార్డులు తీగకి గుచ్చి గోడ మేకుకి వేలాడదీస్తాం, ప్రతి రంగుకీ ఒక కార్డు, మూల మీద తారీఖు, రెండు టైములు, రంగు రాసిన టైము, పెచ్చుతో పోల్చి చూసిన టైము, ఈ రంగులు తడిగా ఉన్నప్పుడు లేతగా ఉంటాయి, ఆరితేనే అసలు రూపం, అందుకే పన్నెండు నిమిషాలు ఆగాలి, ఈ పద్ధతి నాకు పని నేర్పిన మేస్త్రీది, ఆగలేకపోతే ఈ పని మానెయ్ అనేవాడు, ఇదిగో పళ్ల డాక్టరు గారి గోడ, చూశారా, రాసింది పదీ ఐదు, చూసింది పదీ ఐదు, పదీ ఐదు ఏమిటి, రెండూ పదీ ఐదే, తడి మీదే చూశానా, పొరపాటున వేశానేమో, దాని కిందది తిప్పాను, రెండు నిమిషాల తేడా, దాని కింద నాలుగు, ఇంకా కిందికి ఏడు, తొమ్మిది, పన్నెండు, పన్నెండు, పన్నెండు, నేను పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ తిప్పుతున్నాను, పన్నెండు దగ్గరున్న అక్షరాలు చిన్నగా బుద్ధిగా ఉన్నాయి, పైకి వచ్చేకొద్దీ పెద్దవవుతున్నాయి, పై కార్డులో అంకె మూలలో పట్టక రంగులోకి దూరిపోయింది, ఎవరు రాశారివి, నేనే, పన్నెండు తగ్గడం మొదలైంది ఏ రోజున, తారీఖు ఉంది, మాత్రలు మానేసిన నాలుగో రోజు, చెయ్యి వణకడం మానేసిన రోజు.

ఓనరు ఏదీ పారెయ్యడు, పాత తీగలన్నీ షాపు బీరువా వెనక ఉంటాయి, రెండేళ్ల కిందటిది లాగాను, దుమ్ము, దగ్గు, పన్నెండు, పన్నెండు, తొమ్మిది, ఆరు, మూడు, అక్షరాలు అలాగే పెరుగుతున్నాయి, ఆ తర్వాత మూడు కార్డులకి రెండు టైములూ ఒకటే, మూడో కార్డు తారీఖు నాకు తెలుసు, అది స్కూటరు తీసిన రోజు, దాని పైన ఇక కార్డు లేదు, ఉత్త తీగ, ఇప్పటి తీగలో అలా రెండు టైములూ ఒకటైనవి మొన్నటిది ఒకటి, నిన్నటిది ఒకటి, బల్ల మీద ఆకుపచ్చ ఇంకా తడిగా ఉంది, రాసింది రెండూ నలభై, చూసింది రెండూ నలభై, అది మూడోది.

గడియారం మూడూ ఐదు, ఇంత బాగా ఉన్నానే, లోపల దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయే, భయం వేస్తుంటే కూడా సంతోషం తగ్గడం లేదు, అదే భయంగా ఉంది, బ్యాగులో స్వెట్టరు, ఎర్రది, చిన్నది, మోచేతి దగ్గర వదులుగా ఉండాలని అక్క అల్లింది, ఇరవయ్యారు కిలోలని ఎలా లెక్క కట్టాను, ఓనర్ గారూ, ఈ స్కూటరు తాళం మీ సొరుగులో పెట్టండి, అక్క వచ్చేదాకా ఎవరికీ ఇవ్వకండి అన్నాను, ఎవరికీ అంటే అన్నాడు, నాక్కూడా అన్నాను, ఆయన తాళం లోపల వేసి సొరుగు మూశాడు, అక్క ఫోన్ రెండో రింగుకే ఎత్తింది, అక్కా, పాపని బడి నుంచి నువ్వే తీసుకెళ్లు, అటునుంచి నా దగ్గరికి రా, డాక్టరమ్మ దగ్గరికి పోదాం, మధ్యలో నేనొచ్చి అడిగినా పాపని ఇవ్వొద్దు, ఏడ్చినా, నవ్వినా ఇవ్వొద్దు, ఏమైందే అంది, ఏం కాలేదక్కా, ఇంకా ఏం కాలేదు.

ఇప్పుడు ఇంకో కార్డు, అదే ఆకుపచ్చ, రాసింది మూడూ పది, కిటికీ గట్టు మీద పెట్టి స్టూలు మీద కూర్చున్నాను, చేతులు తొడల కింద పెట్టుకున్నాను, ముసలాయన కూడా ఎదురు స్టూలు లాక్కుని కూర్చున్నాడు, ఎక్కడికో చూస్తున్నట్టు నన్నే చూస్తున్నాడు, మూడూ పన్నెండు, కాళ్లు ఆగడం లేదు, ఇంకా టైముంది అంటోంది లోపల ఏదో, బడి నడిచి వెళ్లేంత దూరమే, అక్క కంటే ముందే చేరతావు, కార్డులదేముంది, చేతులు చురుగ్గా ఉన్నాయి కాబట్టి టైము తగ్గింది, ఎంత చక్కగా చెబుతోందో, ఒక్క మాట తడబడదు, నా గొంతే, నా నవ్వే, పదకొండు రోజులుగా దీన్నే నేననుకున్నాను, మూడూ పదిహేను, ఆకుపచ్చ అంచుల నుంచి ముదురుతోంది, ఇంత సంతోషంగా ఉన్న నాకు పాపని అప్పగించకూడదు, అంతే, నేను తెలుసుకోవలసింది ఇదొక్కటే, ఇంకా ఏడు నిమిషాలు, తర్వాత ఇంకో కార్డు రాస్తాను, అక్క వచ్చేదాకా ఈ స్టూలు మీంచి లేవను.