ఇరవై ఒక్క వందల మెమరీ

కంప్యూటర్ ల్యాబు మీటింగంటే నలుగురు మగాళ్ళు ఏసీ రూములో కూర్చుని అర్థంకాని కాగితాలు తిరగెయ్యడమేనని శ్రీదుర్గకి మూడేళ్ళుగా తెలుసు. గుడివాడలో ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీకి ఆమె ల్యాబ్ ఇన్‌చార్జి. టెంపరరీ. ఏప్రిల్ నెలాఖరుకి తీసేస్తారు, జూన్‌లో బుద్ధిపుడితే మళ్ళీ రమ్మంటారు. నాగాయలంకలో చేపలవేటకి వెళ్ళే తండ్రి పున్నారావు వేసవి రాగానే, "ఈసారన్నా ఉంచుతున్నారా అమ్మా?" అని అడుగుతాడు. 2004 ఏప్రిల్‌లో ఆ అడిగించుకోవడం తప్పేలా ఉంది. పర్మినెంటు ఆర్డరు టైపై, కరస్పాండెంటు నాగేశ్వరరావు గారి సంతకం కోసం ఆ మీటింగు బల్లమీదే పడి ఉంది.

నాగేశ్వరరావు గారికి రెండు రైసు మిల్లులు. పెద్ద అంకె కనిపిస్తే చాలు, ఆయనకి అదే గొప్ప. మోటారైనా అంతే, కారు నంబరైనా అంతే.

కొత్తగా కొనే ఇరవై కంప్యూటర్లకి రెండు కొటేషన్లు వచ్చాయి. రేటు ఒకటే, తేడా అంతా మెమరీలో. ఒకరు డీడీఆర్ 400 ఇస్తామన్నారు, ఇంకొకరు పీసీ 2100.

"ఇందులో ఆలోచించేదేవుందండీ? నాలుగొందలెక్కడ, ఇరవై ఒక్క వందలెక్కడ!" అన్నాడాయన.

ప్రిన్సిపాలు తలూపాడు. ఆ తలకి ఊగడం తప్ప ఇంకో పని లేక పదేళ్ళయింది. మిగతా ఇద్దరు మెంబర్లూ మిల్లు భాగస్తులే కాబట్టి వాళ్ళూ ఔనంటే ఔనన్నారు.

శ్రీదుర్గకి ఒళ్ళు మండింది. కమీషన్ తిని ఎంచుకున్నా కాస్త అర్థం ఉండేది, ఇది ఉత్త తెలివితక్కువతనం.

"నాలుగొందలదే స్పీడండీ," అంది.

"మేడమ్ గారూ, మీరు లెక్కలు ఎక్కడ చదువుకున్నారండీ?"

నలుగురూ పొట్టలు కదిలేలా నవ్వారు.

"రెండూ ఒకే కొలత కాదండీ," అని ఆమె అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. "నాలుగొందలంటే సెకనుకి వేసే ట్రిప్పులు, మిలియన్లలో. లోపల క్లాకు కొట్టేది రెండొందలే, కొట్టినప్పుడల్లా రెండు ట్రిప్పులు. ఇరవై ఒక్క వందలంటే సెకనుకి చేరే సరుకు. మీ మిల్లులో అయితే బస్తాలనుకోండి."

ఆయన నవ్వాపాడు. "ట్రిప్పుకి ఎన్ని బస్తాలు?"

"ఎనిమిదండీ."

ఆయన కాగితమైనా ముట్టుకోలేదు. "అంటే నాలుగొందల్ది మూడువేల రెండొందల బస్తాలు దింపుద్ది. ఇరవై ఒక్క వందల్ది రెండొందల అరవై చిల్లర ట్రిప్పులే తిరుగుద్ది. అంతేనా?"

బీఎస్సీ పిల్లలకి ఈ లెక్క ఎక్కించడానికి శ్రీదుర్గకి రెండు క్లాసులు పట్టింది. ఈయన్నా నేను తీసిపారేసింది అని సిగ్గుపడింది కూడా.

"అంతేనండీ! అయితే నాలుగొందల్ది..."

"కాదు. ఇరవై ఒక్క వందల్దే రాయండి."

"అదేంటండీ? ఇప్పుడేగా మీరే లెక్కకట్టి చెప్పారు?"

"నలుగుర్లో అనేశాను గదండీ." ఆయన కొటేషన్ ఆమె ముందుకి తోశాడు. "పీసీ 2100 ఎక్కువ స్పీడని రాసి మీ సంతకం పెట్టండి." పెన్ను మూత తీసి, పర్మినెంటు ఆర్డరు తన దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

థూ! తెలియక అంటున్నాడనుకుంది ఇంతసేపూ. తెలిసీ, ఒక్క మాట వెనక్కి తీసుకోలేక ఇరవై మిషన్లనీ, వాటిముందు కూర్చునే పిల్లలనీ పాడుచేస్తున్నాడు. ఆ ముక్క మొహాన అనేద్దామని నోటిదాకా వచ్చింది. నెలాఖరుకి ఇంక పన్నెండు రోజులే ఉన్నాయి. ఈసారి కూడా తండ్రికి ఏం చెప్పాలి?

అబద్ధం ఒక్క లైనులోనే సరిపోయింది. కింద సంతకం పెట్టింది.

ఆయన దాన్ని రెండుసార్లు చదువుకుని, ఆమె ఆర్డరు మీద సంతకం గీకి, మొహం చూడకుండానే అందించాడు. "వెళ్తా వెళ్తా మా నలుగురికీ టీ చెప్పెళ్ళమ్మా. పంచదార తక్కువ."

మూడేళ్ళలో ఆయన ఆమెకి ఎప్పుడూ టీ పని చెప్పలేదు. తనని చూసి లోపల ఎంత నవ్వుకుంటున్నాడో అనుకుంటే చచ్చినంత పనైంది. "అలాగేనండీ," అని క్యాంటీనుకి వెళ్ళి, నాలుగు టీలు చెప్పింది.