పైపు మీద ముగ్గు

గోవిందమ్మ ఎనిమిది పడుల బియ్యం నానబెట్టుకుని, గ్రైండరు కడుగుదామని కొళాయి తిప్పింది. కొళాయి ఒకసారి దగ్గి, కాస్త గాలి వదిలి ఊరుకుంది. ఆ నెలలో ఇది మూడోసారి.

తమిళనాడు అంచున ఉన్న ఆర్.కె.పేటకు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది చినమరాజుకండ్రిగ. అందులో పొడుగాటి వీధి బజారు వీధి ఒక్కటే. వీధి చివరికి నాలుగిళ్ళు ఇవతల ఉన్న ఇంట్లో గోవిందమ్మ పన్నెండేళ్ళుగా దోసెపిండి రుబ్బి అమ్ముతోంది. ఊళ్ళో సగం ఇళ్ళలో పొద్దున పెనం మీద పడేది ఆమె పిండే. నీళ్ళు రాకపోతే ఊరికి ఉప్మానే గతి.

మొదట వచ్చినవాళ్ళు ఆరంజి పైపు కంపెనీవాళ్ళు. ఇంటింటికీ ఫైబర్ ఇంటర్నెట్ ఇస్తామని వీధి ఎడమ పక్కన గుంతలు తవ్వి, మంచినీళ్ళ పైపు కోసేసి, రబ్బరు చుట్టి అతికించారు. వాళ్ళు సగం వీధి పూర్తిచేశారో లేదో, ఎక్కడ వెనకబడిపోతామోనని నీలం పైపు కంపెనీ దిగింది. కుడి పక్కన మురుగు కాలువ ఉంది కనుక వీళ్ళూ ఎడమ పక్కనే తవ్వారు. ఈసారి మంచినీళ్ళ పైపుతో పాటు ఆరంజివాళ్ళ కేబులూ తెగింది. తెగింది ఎక్కడో వెతకడానికి ఆరంజివాళ్ళు మళ్ళీ తవ్వి, నీలం కేబుల్నీ మంచినీళ్ళ పైపునీ కలిపి కోశారు.

ఇళ్ళ ముందు గుంతల మీద చెక్కలు పడ్డాయి. చీరె కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో ఊపుతూ చెక్క దాటడం ఆడవాళ్ళందరికీ అలవాటైపోయింది. మందుల షాపు వాళ్ళమ్మాయిని చూడ్డానికి వచ్చిన పెళ్ళివారు గుంత దాటలేక అరుగు మీదే కూర్చుని, చెక్క మీదుగా అందించిన కాఫీ తాగి, పిల్ల నచ్చిందని అక్కణ్ణుంచే చెప్పి వెళ్ళారు.

గోవిందమ్మ కూతురు జ్యోతిక ఊళ్ళోంచే చెన్నై కంపెనీకి పనిచేస్తుంది. తమ ఇంటిదాకా కేబుల్ ఇంకా రాలేదని కంప్యూటరు పట్టుకుని మందుల షాపువాళ్ళింటికి పోతే, అక్కడ రెండు రోజులు ఇంటర్నెట్ దూసుకుపోయేది, మూడో రోజు చచ్చిపోయేది. అందుకని ఆ పిల్ల రెండు కంపెనీలనీ సమంగా తిట్టుకునేది.

ఆ రోజు కొళాయి ఆగిపోగానే గోవిందమ్మ వీధిలోకి వచ్చింది. మందుల షాపు ముందు ఇద్దరు సూపర్‌వైజర్లు వాదించుకుంటున్నారు. ఆరంజి కంపెనీ హేమనాథ్ పక్కనున్న ఆర్.కె.పేట తెలుగు కుర్రవాడు. నీలం కంపెనీ నటరాజ్ తిరుత్తణి నుంచి వచ్చిన తమిళాయన, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా.

“ముందు మా కేబుల్ కోసినోళ్ళు మీరు!” అన్నాడు హేమనాథ్.

“ఎన్న సార్, మీరు మాత్రం కోయలేదా?” అన్నాడు నటరాజ్.

“ఎవురు ముందు కోస్తే నాకేమప్పా?” గోవిందమ్మ ఇద్దరి మధ్యలో నిలబడింది. “మీ కేబుల్ తెగితే ఫోన్ల మీద ఫోన్లు చేసుకుంటుండారే, మా నీళ్ళు పోతే ఎవురికి చెయ్యాల? కింద పైపు యాడుందో చూసుకోని తవ్వకూడదా?”

“చూడ్డానికి పటం లేదక్కా,” హేమనాథ్ ఫోన్ చూపించాడు. “పంచాయతీ ఆఫీసులో ఉన్న పాత పటాన్ని చెదలు తినేసినాయంట. దీంట్లో చూస్తే వీధి మధ్యలో ఉన్నట్టు చూపిస్తాది.”

“పటం ఎందుకు? ఆ పైపు ఏసిన మనిషి ఊళ్ళోనే ఉండాడు కదా!” అంది గోవిందమ్మ.

ఆ మనిషి ఏకాంబరం. ఆమె భర్తకు పెదనాన్న కొడుకు, అందుకని ఆమెకు బావ. ముప్పై అయిదేళ్ళ కిందట ఈ వీధిలో పైపులు వేసింది ఆయనే. తర్వాత ట్యాంకు చూసుకుంటూ, వాల్వులు తిప్పుతూ పనిచేసి, తొమ్మిదేళ్ళ కిందట మానేశాడు. ఇప్పుడు డెబ్బై దాటాయి.

గోవిందమ్మ వెళ్ళేసరికి ఆయన వరండాలో కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. సంగతి వినగానే తల అడ్డంగా ఊపాడు.

“మొదటి రోజే పోయి చెప్పినా. ఈడ వద్దు నాయనా, ఇంకో అడుగు అవతలికి పోండి అని. ఆ పిల్లోడు ఫోన్ చూపించి, తాతా, మిషన్ తగులుతాది, పక్కకి నిలబడండి అన్నాడు. నిలబడినా. ఇంగ నిలబడే ఉంటా.”

“వాళ్ళ కోసం ఎవురు రమ్మన్నారు బావా? నాకు చూపించండి. నేను గుర్తు పెట్టుకుంటా. చూస్తే చూస్తారు, లేకుంటే పోతారు. ఎనిమిది పడుల బియ్యం నానేసినా, మా పాప బండి మీద బోరు నీళ్ళు మోసకొస్తా ఉండాది.”

ఆయన కుర్చీ కొంచెం ఇటు తిప్పుకున్నాడు. “నాకు మోకాళ్ళు వంగవు గోవిందమ్మా. గుర్తులు గియ్యాలంటే ఎట్ట?”

“మీరు కర్ర పెట్టండి. నేను ముగ్గు ఏస్తా.”

ఆ రాత్రికే పైపుకు అతుకు పడింది. మర్నాడు తెల్లవారగానే ఇద్దరూ మందుల షాపు దగ్గర మొదలుపెట్టారు. అక్కణ్ణుంచి వీధి చివరిదాకా తవ్వని సగం వీధి మిగిలి ఉంది. ఏకాంబరం కర్ర ఆనించిన చోటల్లా గోవిందమ్మ ముగ్గుపిండితో గీత లాగుతూ వెళ్ళింది. ఆయన మొదట ముక్తసరిగా ఇక్కడ, ఇక్కడ అంటూ వచ్చాడు. నాలుగిళ్ళు దాటేసరికి గొంతు లేచింది.

“ఈడ జాయింటు. గుండ్రంగా చుట్టు. ఈ ఇంటికి కొళాయి లైను ఎడమపక్క పోతాది. ఆ పొద్దు ఈ ఇంట్లో పిల్లోడు పుట్టినాడు, నాకు చక్కెర పెట్టినారు.”

ఆ పిల్లోడు ఇప్పుడు గడ్డం గీసుకుంటూ గుమ్మంలోకి వచ్చి నవ్వాడు. వాకిలి ఊడ్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆగి చూశారు. నడుం పట్టేసి గోవిందమ్మ లేచి నిలబడగానే పక్కింటి ఇంద్రాణి పిండి గిన్నె అందుకుంది. తర్వాత ఎవరి వాకిలి ముందు వాళ్ళే గీశారు. ఎవరో వాల్వు దగ్గర ఎర్రపొడితో తామరపువ్వు వేశారు. ఎనిమిదయ్యేసరికి ముప్పై ఇళ్ళ పొడుగునా తెల్లగీత తయారైంది.

పనివాళ్ళతో వచ్చిన హేమనాథ్ ఆ గీత చూసి, “ఏమక్కా, పండగా?” అన్నాడు.

“మంచినీళ్ళ పైపు,” అంది గోవిందమ్మ.

నటరాజ్ నవ్వలేదు. గడ్డపార తెప్పించి, గీత మీద ఒకచోట నెమ్మదిగా మట్టి తీయించాడు. రెండడుగుల లోతున, సరిగ్గా గీత కిందే, బూడిదరంగు పైపు కనిపించింది. ఇంకోచోట తీయించాడు. అక్కడా ఉంది. ఆయన ఏకాంబరం దగ్గరకు వెళ్ళి చేతులు జోడించి, “పెరియవరే, మీరే చెప్పండి, మేము ఎక్కడ తవ్వాల?” అని అడిగాడు.

“గీతకి రెండడుగులు ఇవతల,” అన్నాడు ఏకాంబరం. “కానీ ఒకటే కాలువ. ఇద్దురూ దాంట్లోనే ఏసుకోండి. రెండు తవ్వే చోటు లేదు ఈడ.”

హేమనాథ్ నటరాజ్ వైపు చూశాడు. “వాళ్ళ పక్కన మా పైపు ఏస్తే మా మేనేజరు ఒప్పుకోడు.”

“మా మేనేజర్ కూడా అదే సొల్లువారు, అదే చెప్తారు.”

“అయితే ఈ ముగ్గు ఎవురు దాటినా ఊరుకోము,” అంది ఇంద్రాణి. వెనక పాతికమంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. సూపర్‌వైజర్లు చెరో పక్కకి వెళ్ళి ఫోన్లు చేశారు. అతుకులు వేసి వేసి విసిగిపోయిన మేనేజర్లిద్దరూ పది నిమిషాల్లో సరేనన్నారు.

మధ్యాహ్నానికి పాతిక ఇళ్ళు దాటింది తవ్వే మిషన్. ఒక్క చుక్క నీరు పోలేదు. ఏకాంబరం కుర్చీ వేయించుకుని దానితోపాటే ముందుకు జరుగుతూ వచ్చాడు. ఎవరో ఆయనకు గొడుగు పట్టారు. ఇద్దరు సూపర్‌వైజర్లూ ప్రతి ఇంటి దగ్గరా ఆయన తల ఊపితేనే మిషన్ కదిలించారు.

గోవిందమ్మ ఇంటి ముందుకు రాగానే ఫటేల్మని శబ్దం వచ్చింది. మట్టినీళ్ళు నిలువెత్తు లేచి నటరాజ్ ఇస్త్రీ చొక్కా మీద పడ్డాయి.

హేమనాథ్ పరుగెత్తి వెళ్ళి వాల్వు కట్టించాడు. ఏకాంబరం గీత వైపు, గుంత వైపు మార్చి మార్చి చూశాడు. గీతకు రెండడుగులు ఇవతలికి పైపు ఎలా వచ్చిందో ఆయనకు అర్థం కాలేదు. “ముసిలితనం,” అని గొణిగి, కర్ర తీసుకుని ఇంటికి నడిచాడు. గోవిందమ్మ పిలిచినా వెనక్కి తిరగలేదు.

పొద్దున్నుంచి ఆ మనిషి ముఖంలో ఎంత వెలుగు! తనే కదా బలవంతాన తీసుకొచ్చింది. ఆమె చీరె ఎగదోపుకుని గుంతలోకి దిగింది. బురదలో చెయ్యి పెట్టి పైపు తడుముకుంటూ వెళ్ళింది. పైపు గోడ వారగా తిన్నగా వచ్చి, ఒకచోట బయటికి వంగి, నాలుగడుగులు పోయి, మళ్ళీ లోపలికి వంగింది. దేన్నో తప్పించుకుని చుట్టూ తిరిగినట్టుగా ఉంది.

దేన్ని? గోవిందమ్మ అలాగే బురదలో నిలబడిపోయింది. తర్వాత గబగబా గట్టెక్కి, కాళ్ళు కూడా కడుక్కోకుండా ఏకాంబరం ఇంటికి పరుగెత్తింది.

“బావా! రోలు!”

“ఏ రోలు?”

“మా అత్తది! వాకిట్లో భూమిలో పాతిన రోలు. నేను కాపరానికి వచ్చిన కొత్త. మీరు పైపు ఏసేదానికి వచ్చినారు. రోలు తీయల్లన్నారు. నన్ను తీసి అవతల పెట్టి అప్పుడు రోలు ముట్టండి అని మా అత్త దాని మీద కూర్చునింది. గుర్తు లేదా?”

ఏకాంబరం నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని ఆమె భయపడింది. ఆయన నవ్వుతున్నాడు.

“ఒకటిన్నర పూట కూర్చునింది గదమ్మే ఆ మహాతల్లి! ఆడనే కూర్చోని పచ్చడి గూడా నూరుకునింది. ఇంగ ఏం చేసేది? నాలుగు ఎల్బో వంపులు ఎక్కువ తెచ్చి చుట్టూ తిప్పినా.” కళ్ళు తుడుచుకున్నాడు. “గ్రైండరు కొన్నాక రోలు తీసేసినారు. పైపు వంకర అట్నే ఉండిపోయింది. నేను మరిచిపోయినా.”

“మీరు తప్పు చెప్పలేదు బావా. మా అత్త చేసిన పని ఇది.”

ఆయన లేచి నిలబడ్డాడు. “ఉండు, ఉండు. చివరింట్లో గూడా ఇట్టనే జరిగింది. మల్లెపందిరి గుంజ పీకొద్దని ఒగామె అడ్డం పడింది. పా, పోదాం.”

దారంతా చెబుతూనే వచ్చాడు. గుంత దగ్గర హేమనాథ్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. “తాతా, ఆ పొద్దు పక్కకి నిలబడమన్నందుకు మన్నించండి. ఇప్పుడు మీరు పోతే మాకు చేతకాదు.”

“నీ మిషన్‌ని పక్కన నిలబెట్టు ముందు,” అన్నాడు ఏకాంబరం. ఈసారి హేమనాథే మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన కర్ర పెట్టినచోటల్లా పిండి వేశాడు. గీత మహా వంకరగా వచ్చింది. ఆడవాళ్ళు పగలబడి నవ్వి, చెరిపి మళ్ళీ వేశారు. మల్లెపందిరి దగ్గర పైపు ఆయన చెప్పినట్టే వంగి ఉంది.

సాయంత్రానికి తెగిన పైపు అతికింది. నాలుగు రోజులకు మిగిలిన వీధి పొడుగునా ఒకే కాలువలో ఆరంజి పైపూ నీలం పైపూ పక్కపక్కనే పడుకున్నాయి. పైన మట్టి కప్పి, సిమెంటు వేశారు. జ్యోతికకు రెండు కంపెనీలవాళ్ళూ మూడు నెలలు ఉచితమన్నారు. ఆ పిల్ల రెండింటినీ పెట్టించుకుంది.

ఆ శనివారం గోవిందమ్మ గిన్నెలు పట్టుకొచ్చినవాళ్ళకు పిండి పోస్తుండగా హేమనాథ్ మోటారుసైకిలు వచ్చి ఆగింది. వెనక ఏకాంబరం కూర్చుని ఉన్నాడు. ఉతికిన పంచె, నెత్తి మీద హెల్మెట్టు.

“యాడికి బావా?”

“పక్కూరికి. ఆడ గూడా తవ్వుతారంట, నన్ను అడగందే మిషన్ దించరంట.” హెల్మెట్టు సర్దుకున్నాడు. “ఆ ఊరి పైపు నేను ఏసింది కాదు. కానీ ఏసినోడు ఇంకా బతికే ఉండాడు, గోపాలన్. వాడికి చెవుడు. అరిచి అరిచి అడగాల.”

ఆయన హేమనాథ్ భుజం తట్టాడు. బండి కదిలింది. గోవిందమ్మ తర్వాతి గిన్నె అందుకుంది.